ట్రాక్టర్‌కు బరువు: ఎంత పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు దించాలి

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఒక ట్రాక్టర్ ఏడాది తిరిగేలోపు ఎన్ని రకాల నేలలు తొక్కుతుందో ఒకసారి ఆలోచించండి. ఎండాకాలం చివర ఎర్ర చెల్కలో నాగలి లాగుతుంది. మృగశిర వానలకు పత్తి చేను చదును చేస్తుంది. సాగర్ ఎడమ కాలువకో, జూరాల కాలువకో నీళ్లు వదలగానే కరిగెటలోకి, అంటే వరి నాటుకు నీళ్లు నిలిపి దున్నే పొలంలోకి దిగుతుంది. వడ్లు, పత్తి చేతికొచ్చాక ట్రాలీ తగిలించుకొని రోడ్డెక్కుతుంది. యాసంగి కోతలు అయిపోయాక చెరువు పూడిక మట్టి తోలుతుంది. ఇన్ని పనులకు ఒకే బరువు, ఒకే తూకం సరిపోదు. అయినా మన దగ్గర చాలా బండ్లు షోరూం నుంచి వచ్చిన నాడు ఎట్లా ఉన్నాయో ఏళ్ల తరబడి అట్లాగే నడుస్తుంటాయి. మరికొన్ని, కొన్న నెలలోనే వెనుక టైర్లలో నీళ్లు నింపించుకొని, ఆ నీళ్లతోనే పొలంలోకి కూడా దిగి ఇరుసు దాకా కూరుకుపోతాయి.

బరువు పెట్టడం ఏ మెకానిక్ అయినా గంటలో చేసే పని. ఎంత పెట్టాలో కొలిచి తెలుసుకోవడమూ, పని మారిన నాడు ఓపికగా దించడమూ మాత్రం యజమాని చేసుకోవలసినవి. ఈ వ్యాసంలో ఆ కొలతలను, మన వ్యవసాయ సంవత్సరం నడిచే వరుసలోనే చెబుతాను. లెక్కలకు ఉదాహరణగా మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే 45 హెచ్‌పీ తరగతి టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌ను తీసుకుంటున్నాను. మొత్తం బరువు 2000 కిలోలు, ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. మీ బండి అంకెలు వేరుగా ఉంటాయి కాబట్టి లెక్క వేసే పద్ధతిని తీసుకోండి, అంకెలను మీ బండివి పెట్టుకోండి.

బరువు చేసే పని

ఇంజిన్‌లో ఎంత సత్తువ ఉన్నా, వెనుక టైర్ల మీద పొడుచుకొచ్చిన గట్లు మట్టిని పట్టుకున్నంత మేరకే అది లాగుడుగా మారుతుంది. గట్టి నేల మీద ట్రాక్టర్ తన వెనుక ఇరుసు మీద ఉన్న బరువులో సుమారు సగం లాగగలదు. అప్పుడే దున్ని గుల్లయిన నేలలోనో, ఇసుక ఎక్కువున్న దుబ్బ నేలలోనో ఆ లాగుడు మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. వెనుక ఇరుసు మీద 1300 కిలోలు ఉంటే గట్టి చెల్కలో 650 కిలోల దాకా లాగే బండి, అదే గేరులో, అదే డీజిల్‌తో దుబ్బలో 430 కిలోల దగ్గర టైర్లు తిప్పుకోవడం మొదలుపెడుతుంది.

రెండో సంగతి లాగేటప్పుడు బరువు ఇరుసు మారడం. నాగలి వెనక్కి లాగుతున్నప్పుడు ముందు ఇరుసు మీది బరువులో కొంత వెనుక ఇరుసు మీదికి వెళ్తుంది. ఎంత వెళ్తుందో తెలుసుకోవడానికి లాగుడును, అది తగిలే చోటికి నేల నుంచి ఉన్న ఎత్తుతో గుణించి, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి. 600 కిలోల లాగుడు నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో, బండి వెనుక కింది భాగంలో ఉండే లాగుడు కడ్డీ అయిన డ్రాబార్‌కు తగిలితే 135 కిలోలు ముందు నుంచి వెనక్కి మారుతాయి. అదే గొలుసును 80 సెంటీమీటర్ల ఎత్తులో, పనిముట్టును పై వైపు పట్టుకునే టాప్ లింక్ దగ్గర కట్టామనుకోండి, 240 కిలోలు మారుతాయి. సమతల నేల మీదే ఇంత ఉంటే, ఎగువకు ఎక్కేటప్పుడూ, ఒక్కసారిగా క్లచ్ వదిలి కుదుపు ఇచ్చినప్పుడూ ముందు చక్రాలు నేల వదలడానికి ఎక్కువ సేపు పట్టదు. అందుకే లాగుడు ఎప్పుడూ డ్రాబార్‌కే తగిలించాలి. టాప్ లింక్ బ్రాకెట్‌కు గానీ, వెనుక ఇరుసు కన్నా ఎత్తున ఉన్న ఏ భాగానికి గానీ కట్టకూడదు. ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి రెండు సెకన్లు కూడా అక్కర్లేదు, మనిషి తేరుకొని క్లచ్ తొక్కేలోపే అది జరిగిపోతుంది.

మొదటి పని: కాంటా మీద మూడు తూకాలు

బరువు పెట్టాలో వద్దో నిర్ణయించే ముందు ఇప్పుడు ఎంత ఉందో తెలియాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర, క్రషర్ల దగ్గర వేబ్రిడ్జి కాంటాలు ఉన్నాయి. పని ఒత్తిడి లేని రోజు చూసుకొని, డీజిల్ ట్యాంకు నింపి, పనిముట్లన్నీ విప్పేసి, డ్రైవర్ సీటులో కూర్చునే తూకం వేయించండి. మొదట బండి మొత్తాన్ని, తర్వాత ముందు చక్రాలను మాత్రమే కాంటా మీద ఉంచి, ఆ తర్వాత వెనుక చక్రాలను మాత్రమే ఉంచి తూచాలి. సగం బండి కాంటా మీద, సగం బయట ఉన్నప్పుడు రెండు చోట్లా నేల ఒకే మట్టంలో ఉండాలి. ఎత్తుపల్లాలుంటే తూకం తప్పు చూపిస్తుంది. ముందు, వెనుక తూకాలు కలిపితే మొత్తం తూకానికి దగ్గరగా రావాలి. యాభై కిలోలకు మించి తేడా వస్తే మళ్లీ తూయించండి.

మన ఉదాహరణ బండికి ముందు 700, వెనుక 1300 కిలోలు వచ్చాయనుకుందాం, అంటే 35 శాతం, 65 శాతం. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కు నిలబడి ఉన్నప్పుడు ముందు 25 నుంచి 35 శాతం, వెనుక 65 నుంచి 75 శాతం ఉండటం మంచి తూకం. ముందు చక్రాలు కూడా లాగే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు ముందు భాగంలో 35 నుంచి 40 శాతం ఉండాలి. ఏ బండికైనా, ఏ పనిలోనైనా, ముందు ఇరుసు మీద మొత్తం బరువులో 20 శాతానికి తగ్గితే స్టీరింగ్ మాట వినదు. ఈ 20 శాతం హద్దును గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ముందు చాలాసార్లు వస్తుంది.

మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్ మోడళ్లను పరీక్షించి ఇచ్చే నివేదికల్లో బరువులు పెట్టినప్పుడూ, పెట్టనప్పుడూ ఇరుసుల మీద పడే భారం, డ్రాబార్ లాగుడు విడివిడిగా ఉంటాయి. మీ మోడల్ నివేదిక దొరికితే కాంటా చీటీతో పోల్చి చూసుకోండి. కొత్త ట్రాక్టర్ కొనబోయేవారు హెచ్‌పీ ఒక్కటే చూడకుండా ఆ రెండు లాగుళ్ల మధ్య తేడా కూడా చూస్తే, ఆ బండి బరువు మీద ఎంత ఆధారపడుతుందో తెలుస్తుంది.

రెండో పని: టైరు ఎంత జారుతున్నదో కొలవడం

నేను ఈ వ్యాసంలో ఒక్క పనే చేయమని అడగవలసి వస్తే ఇదే అడుగుతాను. ఖర్చు లేదు, ఇద్దరు మనుషులు, ఒక సుద్దముక్క, రెండు గూటాలు చాలు.

మీరు నిజంగా దున్నే చేనులోనే, నిజంగా దున్నే లోతులో, అదే గేరులో, అదే ఆర్‌పీఎంతో ఈ కొలత తీయాలి. వెనుక టైరు పక్కన సుద్దతో పెద్ద గీత గీయండి. నాగలి దించి బండి మామూలు వేగం అందుకున్నాక, ఆ గీత నేల వైపుకు వచ్చిన క్షణంలో పక్కన నడుస్తున్న మనిషి ఒక గూటం పాతాలి. టైరు సరిగ్గా పది చుట్లు తిరిగాక రెండో గూటం పాతాలి. ఇప్పుడు బండిని మొదటి గూటం దగ్గరికి తెచ్చి, నాగలి పైకెత్తి, అదే గేరులో, దున్నని పక్క నేల మీద అదే దూరం నడపాలి. ఈసారి రెండో గూటం చేరేసరికి ఎన్ని చుట్లు పడ్డాయో సగం చుట్టుతో సహా లెక్కపెట్టండి.

ఖాళీగా తొమ్మిది చుట్లు పడితే జారుడు 10 శాతం, ఎనిమిదిన్నర పడితే 15 శాతం, ఎనిమిది పడితే 20 శాతం, ఏడు పడితే 30 శాతం. పది నుంచి ఖాళీ చుట్లు తీసేసి, మిగిలినదాన్ని పదితో గుణిస్తే శాతం వచ్చేస్తుంది.

టూ వీల్ డ్రైవ్ బండికి దున్నకంలో 10 నుంచి 15 శాతం జారుడు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌కు 8 నుంచి 12 శాతం చాలు. అసలు జారకూడదని అనుకోవడం పొరపాటు. మట్టి కొంచెం జరిగితేనే గట్టు దాన్ని పట్టుకొని తోయగలదు. జారుడు 7 శాతానికి తగ్గిందంటే మీరు అవసరం లేని బరువును చేనంతా మోసుకొని తిరుగుతున్నారని, ఆ భారం గేరుబాక్సు మీదా, వెనుక ఇరుసు మీదా, కింది మట్టి మీదా పడుతున్నదని అర్థం. 20 శాతం దాటితే టైర్లూ డీజిలూ కరిగిపోతున్నట్టే. 25 శాతం జారుడు ఉన్న బండి చక్రాలు నాలుగెకరాల దూరం తిరిగి మూడెకరాలు దున్నుతాయి.

కొలత తీయలేని రోజు టైరు ముద్ర చూడండి. గట్ల అచ్చు సీలు వేసినట్టు స్పష్టంగా పడి, మధ్య మట్టి కదలకుండా ఉంటే బరువు ఎక్కువైంది. అచ్చు పూర్తిగా చెదిరి మట్టి వెనక్కి చిమ్మినట్టుంటే తక్కువైంది. ముద్ర మధ్య భాగంలో గట్ల ఆనవాళ్లు కనిపిస్తూ, అంచుల్లో మట్టి విరిగి ఉంటే సరిపోయిందని అనుకోవచ్చు.

జారుడు ఎక్కువ వచ్చిందని వెంటనే బరువు కొనడానికి వెళ్లకండి. ముందు మూడు విషయాలు చూడాలి. వెనుక టైర్లలో గాలి ఎక్కువ ఉందేమో చూడండి. రోడ్డు పనికి గట్టిగా కొట్టించిన గాలితోనే చేనులోకి వచ్చే బండ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. బండి పుస్తకంలో చేను పనికి చెప్పిన గాలి, సాధారణంగా వెనుక టైర్లకు 12 నుంచి 15 పాయింట్ల (పీఎస్ఐ) మధ్య ఉంటుంది. ఆ మేరకు తగ్గిస్తే టైరు నేల మీద వెడల్పుగా పరుచుకొని ఎక్కువ గట్లు మట్టిని అందుకుంటాయి. రెండోది, టైరు గట్లు అరిగిపోయాయేమో చూడండి. అరిగిన టైరుకు ఎంత బరువు పెట్టినా జారుడు తగ్గదు. మూడోది లిఫ్టు వాడకం. పొజిషన్ లివర్ పనిముట్టును ఒకే ఎత్తులో నిలుపుతుంది, డ్రాఫ్ట్ కంట్రోల్ లాగుడును బట్టి దాన్ని ఎత్తి దించుతుంది. పొజిషన్ లివర్‌తోనే పని కానిచ్చే డ్రైవర్లు డ్రాఫ్ట్ కంట్రోల్‌ను ముట్టుకోరు. నాగలి దున్నకంలో డ్రాఫ్ట్ లివర్ సరిగా పెడితే, నేల గట్టిపడిన చోట లిఫ్టే నాగలిని కాస్త ఎత్తి, దాని బరువును వెనుక చక్రాల మీదికి తెస్తుంది. ఇది పైసా ఖర్చు లేని బరువు. వీటి తర్వాత కూడా జారుడు 15 శాతం దాటితే అప్పుడు బరువు సంగతి చూడాలి.

చెల్క దున్నకానికి నీళ్ల బరువు

ఎండాకాలపు లోతు దున్నకంలో, గట్టిపడ్డ ఎర్ర చెల్కలోనూ, గద్వాల, ఆలంపూర్ నడిగడ్డ వైపు నల్లరేగడిలోనూ పల్టీ నాగలి లాగేటప్పుడు వెనుక బరువు నిజంగా అవసరమవుతుంది. అన్నిటికన్నా చౌకైనది టైర్లలో నీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు. ట్యూబు ఘనపరిమాణంలో ముప్పావు వంతు వరకే నింపాలి. ఆ లెక్కన 12.4-28 సైజు టైరుకు సుమారు 140 లీటర్లు, 13.6-28కి సుమారు 175, 14.9-28కి 220 లీటర్ల దాకా పడతాయి. మన ఉదాహరణ బండికి 13.6-28 టైర్లుంటే రెండింటికీ కలిపి 350 కిలోలు వెనుక ఇరుసు మీద చేరుతాయి. అప్పుడు ముందు 700, వెనుక 1650, మొత్తం 2350 కిలోలు, ముందు భాగం దాదాపు 30 శాతం. తూకం హద్దులోనే ఉంది. పైగా ఈ బరువు కింది భాగంలో ఉంటుంది కాబట్టి పక్కవాలు నేల మీద బండి నిలకడ కూడా పెరుగుతుంది.

నింపే పద్ధతి ఇది. బండిని గట్టి, చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. నింపబోయే వైపు ఇరుసు కింద జాకీ పెట్టి టైరు నేల నుంచి కొద్దిగా లేచేదాకా ఎత్తి, వెంటనే ఇరుసు కింద గట్టి కట్టె దుంగలు పేర్చండి. జాకీ ఒక్కదాని మీదే బండిని వదిలి పని చేయకూడదు. టైరును తిప్పి వాల్వు సరిగ్గా పైకి, అంటే గడియారంలో పన్నెండు గంటల చోటికి తేవాలి. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదిలాక, ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి సన్నటి పైపుతో నీళ్లు వదలండి. లోపలి గాలికి దారి లేక నీళ్లు ఆగిపోతాయి కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి పైపు తీసి గాలిని బయటికి పోనివ్వాలి. పంక్చర్ షాపుల్లో నీళ్లు పోతుండగానే గాలి బయటికి వచ్చే వాల్వు అమరిక ఉంటే పని త్వరగా అవుతుంది. పైకి ఉన్న వాల్వు నుంచి నీళ్లు బయటికి పొంగడం మొదలైతే ముప్పావు వంతు నిండినట్టు. పిన్ను బిగించి, పుస్తకంలో చెప్పినంత గాలి కొట్టండి. రెండో టైరుకు కూడా సరిగ్గా ఇదే మట్టం వరకు నింపాలి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

నిండా నింపకూడదని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నీళ్లు నొక్కితే నలగవు, గాలి నలుగుతుంది. లోపల గాలి దిండు లేని టైరు రాయి మీద పడినప్పుడు ఆ దెబ్బంతా టైరు గోడ మీదా, ఇరుసు మీదా పడుతుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు బండరాళ్లు తేలిన చేలలో దున్నేవారికి ఇది మరీ ముఖ్యం. గాలి చోటు తక్కువ కాబట్టి కొద్దిగా లీకైనా పాయింట్లు చప్పున పడిపోతాయి. అందువల్ల వారానికోసారి, వాల్వు పైకి ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. వాల్వు కిందికి ఉన్నప్పుడు చూస్తే నీళ్ల ఒత్తిడి కూడా కలిసి ఎక్కువ చూపించడమే కాక, గేజీలోకి నీళ్లు పోయి అది పాడవుతుంది.

చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మన దగ్గర ఆ అవసరం లేదు, ఆ ఉప్పు ఒక్క చుక్క కారినా రిమ్ము తుప్పు పడుతుంది. ఇదే కారణంగా ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లకన్నా కాలువ నీళ్లో, చెరువు నీళ్లో గుడ్డలో వడగట్టి నింపడం మేలు. పంక్చరైనప్పుడు నీళ్లున్న టైరును ఒక్కరే విప్పకండి. రిమ్ముతో కలిపి అది ముగ్గురు నలుగురు మనుషుల బరువుంటుంది, పక్కకు ఒరిగితే ఎవరూ ఆపలేరు. ముందు వాల్వు కిందికి తెచ్చి నీళ్లు వదిలేశాకే బోల్టులు విప్పాలి.

ఇనుప బరువులు

వెనుక చక్రాలకు బిగించే పోత ఇనుప పళ్లేల ఖరీదు ఎక్కువ, కానీ పానాతో అరగంటలో విప్పొచ్చు. సీజనులో ఒకసారి చెల్కలో, ఒకసారి పొలంలో కిరాయి దున్నకాలు చేసేవారికి నీళ్లకన్నా ఇవే అనుకూలం. కొత్తగా బిగించాక పది గంటల పని తర్వాత బోల్టులు మళ్లీ బిగించాలి. టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠ భారాన్నీ, కంపెనీ పుస్తకంలో ఇరుసుకు చెప్పిన హద్దునూ నీళ్లు, ఇనుము, పైకెత్తిన పనిముట్టు, ట్రాలీ మోపిన భారం అన్నీ కలిపినా దాటకూడదు.

బరువు పెట్టాక కింది గేరులో, నెమ్మదిగా, భారీ లాగుడు లాగించాలన్న కోరిక పుడుతుంది. అది వద్దు. వేగం తగ్గిన కొద్దీ అదే హెచ్‌పీకి ఇరుసు మీద మెలి (తిప్పే బలం) పెరుగుతుంది. లోతు కాస్త తగ్గించి ఒక గేరు పైన దున్నితే తక్కువ బరువుతోనే పని అవుతుంది, ఇరుసు కూడా నిలుస్తుంది.

బంపర్‌కు బండరాళ్లు తాడుతో కట్టడం, కల్టివేటర్ మీద ఇసుక బస్తాలు వేయడం, గుంటక మీద మనుషులను నిలబెట్టడం మన ఊళ్లలో రోజూ చూస్తాం. బోల్టులతో బిగించని ఏ బరువైనా గతుకులో జారి చక్రం కింద పడుతుంది. ఆ బరువు మనిషైనప్పుడు ఏం జరుగుతుందో విడమర్చి చెప్పనక్కర్లేదు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకొని దున్నేవారికి కూడా ఇదే నా విన్నపం, దయచేసి ఆ అలవాటు మానండి.

రోటవేటర్‌కు ముందు బరువు

రోటవేటర్ కథ నాగలికి పూర్తిగా వేరు. దాని కత్తులు తిరుగుతూ మట్టిని కొట్టేటప్పుడు ట్రాక్టర్‌ను ముందుకు తోస్తాయి కాబట్టి లాగుడుకు వెనుక బరువు అక్కర్లేదు. ఇబ్బంది దాన్ని పైకెత్తినప్పుడు వస్తుంది. ఆరడుగుల రోటవేటర్ సుమారు 450 కిలోలుంటుంది. ఎత్తినప్పుడు దాని బరువు కేంద్రం వెనుక ఇరుసుకు 1.1 మీటర్లు వెనుక ఉందనుకుంటే, 450ని 1.1తో గుణించి 2 మీటర్లతో భాగించండి. దాదాపు 247 కిలోలు ముందు ఇరుసు మీద నుంచి లేచిపోతాయి. 700 కిలోల చోట 453 మిగులుతాయి. మొత్తం బరువు ఇప్పుడు 2450 కాబట్టి ముందు భాగం పద్దెనిమిదిన్నర శాతం, అంటే 20 శాతం హద్దు దాటి కిందికి వచ్చింది. ఒడ్డు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతున్నదని డ్రైవర్లు చెప్పేది ఈ స్థితినే.

ముందు బంపర్‌కు 100 కిలోల బరువులు తగిలించామనుకోండి. అవి ముందు ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుంటే, ఆ పొడవు వల్ల ముందు ఇరుసు మీద 130 కిలోలు పడి, వెనుక నుంచి 30 కిలోలు తగ్గుతాయి. ముందు 583, మొత్తం 2550, అంటే దాదాపు 23 శాతం. స్టీరింగ్ తిరిగి చేతికి వచ్చింది. రోటవేటర్ విప్పేసిన రోజు ఈ ముందు బరువులు కూడా తీసేయండి. ఊరికే ఉంచితే ముందు ఇరుసు బుషింగులు, చిన్న టైర్లు త్వరగా అరుగుతాయి.

కరిగెటలోకి దిగే ముందు

పొలం పనికి సూత్రం తలకిందులవుతుంది. నీళ్లు నిలిచిన మట్టికి బరువు మోసే బలం లేదు. ఎంత బరువైతే అంత లోతు దిగబడుతుంది, ఎంత లోతు దిగబడితే అంత ఎదురు తగులుతుంది. చెల్క కోసం నింపిన నీళ్లను, బిగించిన ఇనుప పళ్లేలను కరిగెటకు ముందే తీసేయాలి. నీళ్లు తీయడానికి నింపినప్పటిలాగే జాకీతో ఎత్తి, దుంగలు పేర్చి, వాల్వు కిందికి తెచ్చి పిన్ను తీస్తే చాలా వరకు కారిపోతాయి. మిగిలినవి గాలి కొట్టి వదులుతూ రెండు మూడు సార్లు వెళ్లగొట్టవచ్చు. ఇందుకు పోయేది ఒక పూట మాత్రమే. పోయిన పూట గురించి బాధపడి మేము ఒక వానాకాలం నీళ్లతోనే పొలంలోకి దిగాం. మూడో మడిలో ఇరుసు నేలకు ఆనింది, బండి బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది, అది తీసిన గుంత ఆ ఏడాది నాటుకు కూడా పనికిరాలేదు.

కరిగెటలో పట్టు కేజ్ వీల్స్, అంటే బురద పనికి బిగించే ఇనుప పట్టీల చక్రాల నుంచి వస్తుంది. అవి బురదను వెడల్పుగా పట్టుకొని బండిని తేలుస్తాయి, బరువుతో పని లేదు. వాటితో తారు రోడ్డెక్కడం నిషిద్ధం, రోడ్డును చెక్కేస్తాయి కూడా. పొలం ఒడ్డు దాకా ట్రాలీలో తెచ్చుకొని అక్కడే బిగించుకోండి.

పొలంలో కూరుకుపోతే ఏం చేయకూడదో ముందే తెలిసి ఉండాలి. వెనుక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి గేరు వేయడం మన దగ్గర పాత అలవాటు. దాని మీద బండి ఎక్కి వస్తుందని ఆశ. కానీ దుంగ మట్టిలో పట్టుకొని చక్రం తిరగలేకపోతే, ఇంజిన్ బలం చక్రాన్ని తిప్పలేక ట్రాక్టర్ ఒంటినే ఇరుసు చుట్టూ పైకి తిప్పుతుంది, ముందు చక్రాలు లేచి బండి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. బురదలో పల్టీ కొట్టి డ్రైవర్లు చనిపోయిన వార్తల వెనుక ఎక్కువసార్లు ఉన్నది ఈ కారణమే. కూరుకుపోయిన వెంటనే టైర్లు తిప్పడం ఆపండి. పనిముట్టు దించి విప్పండి. చక్రాల వెనుక మట్టి పారతో తీసి ఏటవాలు దారి చేసి, రివర్సు గేరులో నెమ్మదిగా ప్రయత్నించండి. వెనక్కి వచ్చేటప్పుడు ముందు భాగం లేచే ప్రమాదం తక్కువ. అప్పటికీ రాకపోతే గట్టి నేల మీద ఉన్న మరో ట్రాక్టర్‌తో లాగించాలి. లాగే బండికి గొలుసు డ్రాబార్‌కే కట్టాలి, గొలుసు తెగినా తగలనంత దూరంలో మనుషులు నిలబడాలి.

ట్రాలీ, చెరువు మట్టి

రెండు చక్రాల ట్రాలీ తన భారంలో కొంత ట్రాక్టర్ హిచ్ (ట్రాలీ తగిలించే చోటు) మీద మోపుతుంది. వడ్ల బస్తాలు ట్రాలీ వెనుక వైపే ఎక్కువ పేర్చితే హిచ్ పైకి లేచి వెనుక టైర్ల పట్టు తగ్గుతుంది, ముందు వైపే పేర్చితే ట్రాక్టర్ ముందు తేలుతుంది. ట్రాలీ ఇరుసు మీద సమంగా, కొద్దిగా ముందుకు మొగ్గేటట్టు పేర్చడం సరైన పద్ధతి. పత్తి లోడు ఎత్తుగా ఉండి గాలికి ఊగుతుంది కాబట్టి మలుపుల్లో వేగం సగానికి తగ్గించాలి. వెనుక చక్రాల మధ్య వెడల్పు పెంచే అవకాశం మీ బండికి ఉంటే రోడ్డు పనికి పెంచుకోండి. వెనుక టైర్లలో రోడ్డు పనికి చెప్పిన గాలి కొట్టించండి. రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయకుండా రోడ్డెక్కవద్దు. ఒక్క పెడలు తొక్కితే లోడు బండి అక్కడికక్కడే పక్కకు పడిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చెరువులోంచి మట్టి లోడుతో పైకెక్కడం. మిషన్ కాకతీయ పూడికతీత మొదలైన 2015 నుంచి ఎండాకాలంలో మన చెరువుల్లో ట్రాలీల రాకపోకలు బాగా పెరిగాయి. ఒండ్రు మట్టి తడిగా ఉన్నప్పుడు కంటికి కనిపించేదానికన్నా చాలా బరువుంటుంది. ఎగుడు దారిలో బరువు దానంతటదే వెనక్కి జరుగుతుంది, దానికి హిచ్ మీది భారం, ఇంజిన్ మెలి తోడవుతాయి. ఈ పనికి ముందు బంపర్ బరువులు తప్పనిసరిగా పెట్టుకోండి. ట్రాలీని డ్రాబార్ కింది రంధ్రానికే తగిలించండి. తడి మట్టి అయితే ట్రాలీ అంచు కన్నా ఒక జానెడు తక్కువ నింపించండి. ఎక్కుడు మొదలు కాకముందే సరిపోయే కింది గేరులోకి వచ్చేయాలి, మధ్యలో గేరు మార్చకూడదు, దారికి అడ్డంగా తిప్పకూడదు. ముందు చక్రాలు తేలికైనట్టు స్టీరింగ్‌లో అనిపించిన మరుక్షణం యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కండి. ముందు భాగం నేలకు దిగాక రెండు బ్రేకులూ కలిపి నొక్కి, చక్రాల వెనుక రాళ్లు పెట్టించి, ట్రాలీలోంచి పావు వంతు మట్టి అక్కడే దించాకే మళ్లీ కదలండి.